తాడు కట్టిన దిమ్మెల దగ్గర ఆగిపోతే గ్రూపు మార్చాలా?

ప్రశ్న: మా పాప ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీ చదువుతోంది. మ్యాథ్స్ బాగానే చేస్తుంది. ఫిజిక్స్‌లో మాత్రం దిమ్మెలు, తాడు, కప్పీ, ఘర్షణ కలిసిన లెక్క వచ్చిందంటే తప్పు చేస్తుంది. 'ఈ అమ్మాయికి ఫిజిక్స్ ఎక్కదు' అని కాలేజీలో తేల్చేశారు. ఇప్పుడే బైపీసీకి మార్చేస్తే నయమా? తను చేసిన ఒక లెక్క ఫొటో పంపుతున్నాను. - ఒక తండ్రి

జవాబు: ముందు గ్రూపు సంగతి చూద్దాం. బైపీసీకి వెళ్లినా ఫిజిక్స్ వెంటే వస్తుందండీ. నీట్‌లో 180 ప్రశ్నలుంటే 45 ఫిజిక్స్‌వే, తప్పు జవాబుకు ఒక మార్కు కోత కూడా ఉంటుంది. ఈఏపీసెట్‌లో ఇంజినీరింగ్ రాసినా అగ్రికల్చర్ రాసినా ఫిజిక్స్ ప్రశ్నలు 40. జీవశాస్త్రం అంటే ఇష్టమై మారతానంటే అది వేరే మాట. మీరు రాసినదాంట్లో ఆ ఇష్టం ఊసే లేదు.

ఇక ఫొటో. అందులోని లెక్క ఇది: బల్ల మీద 3 కేజీల దిమ్మె. దానికి కట్టిన తాడు అంచున ఉన్న కప్పీ మీదుగా వెళ్లింది, రెండో కొసకు 2 కేజీల దిమ్మె వేలాడుతోంది. బల్లకు, దిమ్మెకు మధ్య ఘర్షణ గుణకం 0.2, జి (గురుత్వ త్వరణం) విలువ 10. నిశ్చల స్థితి నుంచి వదిలితే, వేలాడే దిమ్మె 1 మీటరు దిగేసరికి బల్ల మీది దిమ్మె గతిజ శక్తి ఎంత?

మీ పాప రాసిన జవాబు 14 జౌళ్లు. రావలసింది 8.4.

ఆమె ఎక్కడ తప్పిందో వరసగా చూశాను. ఘర్షణ బలం 0.2 × 30 = 6 న్యూటన్లు. సరే. 1 మీటరు దూరానికి ఘర్షణ తినేసేది 6 జౌళ్లు. అదీ సరే. ఆ తర్వాతి వరసలో 'తాడు లాగే బలం 20 న్యూటన్లు' అని ఉంది. గాడి తప్పింది అక్కడే. 20 అనేది వేలాడే దిమ్మె బరువు. తాడు కూడా దాన్ని 20తోనే పైకి లాగితే రెండూ చెల్లుకు చెల్లు, వదిలిన చోటే అది వేలాడుతూ ఉండాలి. కిందికి వేగం పుంజుకుంటోందంటే తాడు లాగుడు 20 కన్నా తక్కువన్నమాట.

విచిత్రమేమిటంటే ఆ 14 ఊరికే వచ్చిన అంకె కాదు. వేలాడే దిమ్మె కోల్పోయిన స్థితిజ శక్తి 20 జౌళ్లు, అందులో ఘర్షణకు పోయింది 6, మిగిలిన 14 రెండు దిమ్మెలదీ కలిపి. ఒకే తాడుకు కట్టినవి కాబట్టి రెండింటి వేగం ఒకటే, అందుకే శక్తిని ద్రవ్యరాశుల లెక్కన 3:2గా పంచుకుంటాయి: 8.4, 5.6. నమ్మకం కుదరకపోతే బలాలతో సరిచూసుకోమనండి. రెండింటినీ కలిపి కదిలించే బలం 20 − 6 = 14 న్యూటన్లు, మొత్తం ద్రవ్యరాశి 5 కేజీలు, కాబట్టి త్వరణం 14 ÷ 5 = 2.8. తాడులో తన్యత, అంటే తాడు లాగే బలం, 2 × (10 − 2.8) = 14.4 న్యూటన్లు. అందులోంచి ఘర్షణ 6 తీసేస్తే 8.4 న్యూటన్లు, 1 మీటరుకు 8.4 జౌళ్లు. రెండు దారులూ ఒకే చోటికి వచ్చాయి. ప్రశ్నపత్రం తయారుచేసేవాళ్లకు పిల్లలు చేసే ఈ తప్పు బాగా తెలుసు, ఆప్షన్లలో 14 పెట్టకుండా వదలరు.

ఇంత లెక్క చేసిన పిల్లకు ఫిజిక్స్ ఎక్కదనడం అన్యాయం. ఆమె గీసింది ఒక్కటే బొమ్మ, బాణాలన్నీ దాని మీదే. రెండు దిమ్మెలకు రెండు విడి బొమ్మలు గీయాలి. వేలాడే దిమ్మెకు కిందికి 20, పైకి తన్యతకు 'టి' అని విడిగా గీసి ఉంటే, టి అంటే 20 అని రాయడానికి చెయ్యి ఆగేది. బొమ్మకు టైమ్ వేస్టని క్లాసులో త్వరణానికి నేరుగా ఫార్ములా ఇచ్చేస్తారు. నాకు అది నచ్చదు. ఆ ఫార్ములాలో ఘర్షణ గుణకం 0.7 వేసి చూడమనండి. త్వరణం మైనస్ 0.2 వస్తుంది. అంటే బల్ల మీది దిమ్మె తనంతట తాను వెనక్కి జరిగి, వేలాడే దిమ్మెను పైకి లాగుతోందా! నిజానికి ఏదీ కదలదు. ఘర్షణ గరిష్ఠంగా 21 న్యూటన్ల దాకా ఇవ్వగలదు, కానీ లాగేది 20 కాబట్టి 20 మాత్రమే ఇస్తుంది. గతిజ శక్తి సున్నా.

రేపు కంప్యూటర్ సైన్స్ తీసుకుంటే ఈ కప్పీలు పెద్దగా ఎదురుపడవు. సివిల్, మెకానికల్ అయితే ఇంజినీరింగ్ మెకానిక్స్‌లో ఈ విడి బొమ్మలతోనే పని. ఏ బ్రాంచి అన్నది ఇప్పుడు తేల్చుకోనక్కర్లేదు.

గ్రూపు మాట ఒక నెల పక్కన పెట్టండి. రోజుకు మూడు లెక్కలు చాలు, ప్రతి దిమ్మెకూ బొమ్మ ఉండాలి. మొదటిది ఇదే లెక్కకు కొనసాగింపు: 1 మీటరు దిగగానే వేలాడే దిమ్మె నేలను తాకి ఆగిపోయింది, తాడు వదులైంది. బల్ల మీది దిమ్మె ఇంకా ఎంత దూరం జారి ఆగుతుంది? జవాబు 1.4 మీటర్లు, అది ముందే చెప్పేయండి. ఆమె గీసిన బొమ్మల ఫొటో నాకు పంపండి.