కోచింగ్ లైసెన్సు లేకుండానే బెకెన్‌బావర్ జర్మనీ జట్టును ఎలా నడిపించారు?

ఫ్రాంజ్ బెకెన్‌బావర్ 1984లో పశ్చిమ జర్మనీ ఫుట్‌బాల్ జట్టు బాధ్యత చేపట్టినప్పుడు ఆయనకు కోచింగ్ లైసెన్సు లేదు కాబట్టి, జాతీయ కోచ్ అనే హోదాకు బదులు 'టీమ్‌షెఫ్', అంటే జట్టు అధిపతి, అనే పేరుతో నియమించి, లైసెన్సు ఉన్న సహాయకుణ్ణి పక్కన ఉంచారు.

ఈ మినహాయింపుకు కారణం ఆటగాడిగా ఆయన సంపాదించిన అధికారమే. ఆయన ఆడిన 'లిబెరో' స్థానంలోని డిఫెండర్ ప్రత్యర్థి ఆటగాడు ఒక్కడినే అంటిపెట్టుకోకుండా రక్షణ వరుస వెనుక నిలిచి, మైదానమంతా గమనిస్తూ, అవకాశం దొరికినప్పుడు తానే బంతితో ముందుకు వెళ్లి దాడిని మొదలుపెడతాడు. ఆ స్థానానికి అంతటి విలువ తెచ్చినవారిలో ఆయనదే అగ్రస్థానమని చెప్పడం అతిశయోక్తి కాదు. కోచ్‌గా ఆయన 1990 ప్రపంచ కప్ ఫైనల్‌లో అర్జెంటీనా తార మారడోనాను కట్టడి చేసే పనిని తన జట్టు ఆటగాడు గీడో బుఖ్‌వాల్డ్‌కు అప్పగించగా, అర్జెంటీనాకు ఒక్క గోల్ కూడా దక్కలేదు. జర్మనీ 1-0తో గెలిచింది.

ఆటగాడిగానూ కోచ్‌గానూ ప్రపంచ కప్ గెలిచిన మొదటి వ్యక్తి బెకెన్‌బావరేనని చాలామంది అనుకుంటారు గాని, 1970లోనే బ్రెజిల్‌కు చెందిన మారియో జగాలో ఆ ఘనత సాధించారు. 1974లో కెప్టెన్‌గా గెలిచి, తర్వాత కోచ్‌గానూ గెలిచిన మొదటివారు మాత్రం బెకెన్‌బావరే; ఆటగాడిగానూ కోచ్‌గానూ గెలిచినవారు 2018లో ఫ్రాన్స్‌కు చెందిన దిదియే దెషాం చేరికతో ముగ్గురయ్యారు, వారిలో డిఫెండర్ కూడా బెకెన్‌బావర్ ఒక్కరే.