ఫెలోషిప్ ఐదేళ్లే... పీహెచ్‌డీ ఆరేళ్లు పడితే?

ప్రశ్న: సీఎస్ఐఆర్ (కేంద్ర శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి) ఇచ్చే జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్)తో పీహెచ్‌డీలో చేరాను. పాపికొండల నేషనల్ పార్కులో కప్పల అరుపులపై పరిశోధన. నెలకు రూ.37,000 వస్తుంది. హాస్టల్, మెస్ రూ.9,000, ఇంటికి రూ.6,000, విద్యారుణం ఈఎంఐ రూ.5,500 (బాకీ రూ.2.4 లక్షలు, వడ్డీ 10 శాతం), చేతిఖర్చు రూ.4,500. మిగిలే రూ.12,000తో సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా పెట్టుబడి) మొదలుపెట్టవచ్చా?

సమాధానం: ఇప్పుడే వద్దు. మీ ఫెలోషిప్ రెండేళ్లు జేఆర్ఎఫ్, మూడేళ్లు ఎస్ఆర్ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలోషిప్), అంతే. మీ డేటా దొరికేది మాత్రం వానాకాలంలోనే. చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి జూన్‌లోపు చేతికి రాకపోయినా, ఆ ఏడాది వానలు ముఖం చాటేసినా మళ్లీ వచ్చే జూన్ దాకా ఆగాల్సిందే. ఒక సీజన్ పోయిందంటే ఏడాది పోయినట్టే. అందుకే ఆరో ఏడాది ఖర్చును ఇప్పట్నుంచే కూడబెట్టుకోవాలి.

అంతకన్నా ముందు రూ.1.5 లక్షలు సేవింగ్స్ ఖాతాలో, స్వీప్ డిపాజిట్‌లో (ఖాతాలో మిగులును బ్యాంకే ఎఫ్‌డీగా మార్చేది) ఉంచండి. ఫెలోషిప్ ప్రతినెలా ఠంచనుగా పడదు, నెలల తరబడి ఆగి ఒక్కసారే పడటం మామూలే. కాబట్టి లక్ష రూపాయలు నాలుగు నెలల ఖర్చుకు. మిగతా రూ.50,000 ఫీల్డ్‌కు. జీపు అద్దె, సహాయకుడి కూలీ ముందు మీ జేబులోంచే పోతాయి, బిల్లు పాసయ్యేది తర్వాతెప్పుడో. బిల్లులు వెనక్కి రావడానికి కారణాలు చాలావరకు చిన్నవే: సంస్థ పేరు బదులు మీ పేరు ఉండటం, తేదీ లేకపోవడం, రూ.5,000 దాటిన నగదు రసీదుపై రెవెన్యూ స్టాంపు అంటించకపోవడం. అడవి దిగకముందే రసీదులపై అక్కడికక్కడే సంతకం చేయించుకోండి.

ఈ నిధికి ఏడాది పైనే పడుతుంది. ఆ తర్వాత ఆరో ఏడాది కోసం రూ.3 లక్షలు. అప్పటికి ఈఎంఐ ఉండదు (మీ రుణం సుమారు నాలుగున్నరేళ్లలో తీరుతుంది), నెలకు రూ.19,500 చొప్పున ఏడాదికి రూ.2.34 లక్షలు. మెస్ ధరలు పెరుగుతాయి, థీసిస్ ఖర్చులూ ఉంటాయి కాబట్టి మూడు లక్షలు అనుకోవాలి. ఎస్ఆర్ఎఫ్‌లో ఫెలోషిప్ రూ.42,000 అవుతుంది. పెరిగిన రూ.5,000 కూడా ఇందులోనే వేస్తే మూడో ఏడాది చివరికి సమకూరుతుంది. రికరింగ్ డిపాజిట్ చాలు, షేర్ల జోలికి పోవద్దు. అయితే ఎస్ఆర్ఎఫ్ దానంతటదే రాదు. రెండేళ్లు నిండేలోపే మదింపు కమిటీ సమావేశం తేదీ ఖరారయ్యేలా మీ గైడ్ వెంటపడండి.

బీమా విషయంలో ఆలస్యం వద్దు. ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన ఏడాదికి రూ.20కే రూ.2 లక్షల ప్రమాద రక్షణ ఇస్తుంది, ఈరోజే తీసుకోండి. రాత్రిపూట వాగుల్లో తిరిగే మీకు అదొక్కటే సరిపోదు. తాత్కాలిక వైకల్యానికి వారంవారం చెల్లించే రూ.10 లక్షల ప్రమాద పాలసీ కూడా ఉండాలి. సంస్థ ఆరోగ్య బీమా క్యాంపస్ బయట చెల్లుతుందో లేదో లిఖితపూర్వకంగా అడగండి. పన్ను ఆదా అంటూ ఎండోమెంట్ పాలసీ (బీమా, పొదుపు కలిపినది) అంటగట్టేవాళ్లు వస్తారు. ఫెలోషిప్‌ను ఆదాయంగా లెక్కేసినా ఏడాదికి రూ.4.44 లక్షలే, పన్ను ఎలాగూ పడదు.

సిప్ నాలుగో ఏడాదిలో మొదలుపెట్టండి. రుణం తీరిన నెల నుంచి ఆ రూ.5,500 కూడా అందులోకే మళ్లించండి.