గోడకి నల్ల బూజు: ముందు ఆ నీళ్లు ఎటు నుంచి వస్తున్నాయో చూడండి

మీరు రాసిన దాంట్లో నాకు అర్థమైంది ఇదీ. పార్వతీపురం నుంచి ఒడిశాలోని కోరాపుట్ వచ్చి ఏడాది కాలేదు, కింద వాటాలో అద్దెకున్నారు. డిసెంబర్ మొదలైన దగ్గర్నుంచి పొద్దున్నే కిటికీ అద్దాలు నీళ్లు కారుతున్నాయి, మంచం వెనకా బీరువా వెనకా గోడకి నల్ల బూజు, వంటింటి వెనక గోడ కింద పెచ్చులూడుతోంది, ఎనిమిది నెలల పాపకి దగ్గు. ఓనరేమో 'మీ వంట ఆవిరి వల్లే, రంగు మీరే వేయించుకోండి' అంటున్నారు. ఆయన మాట నిజమా, ఇల్లు మారిపోవాలా అని అడిగారు.

సగం నిజం. మా ఓనరూ అచ్చం అదే మాటన్నారు, మేమూ మీలాగే గొడవకి దిగాం. తీరా చూస్తే ఒక గోడ తప్పు మాది, ఇంకో గోడ తప్పు ఆయనది.

మాది సాలూరు. మా ఆయన దామన్‌జోడిలో కాంట్రాక్టు పని, నేను ఇంట్లో కుట్టుమిషను పెట్టుకున్నాను. మీ కోరాపుట్ దగ్గరే సెమిలిగుడలో ఉండబట్టి తొమ్మిదేళ్లు. సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కామంటే వాతావరణమే వేరు. కింద మన ఊళ్లలో గోడ ఎండకి కాలుతుంది. ఇక్కడ సముద్రమట్టానికి 850 మీటర్ల పైన ఉంటాం, డిసెంబర్, జనవరి రాత్రుల్లో పది డిగ్రీల లోపుకి పడిపోతుంది. ఉత్తరం వైపు గోడకి చలికాలమంతా ఎండ పొడ తగలదు.

మొదటి చలికాలం మేం చేసిన ఘనకార్యం ఏంటంటే వెంటిలేటర్లు మూసేయడం. అట్టపెట్టెలు కోసి పెట్టి, సందుల్లో పాత గుడ్డలు కుక్కాం. చలిగాలి రావట్లేదని సంబరపడ్డాం కూడా. తడి బట్టలు పడగ్గదిలో తాడు మీద, ఇస్త్రీ అదే గదిలో, రాత్రి తలుపులన్నీ బిగించి నలుగురం అక్కడే పడక.

జనవరిలో ఒకావిడ కూతురి పెళ్లికని ఇచ్చిన పట్టు జాకెట్టు ముక్కలు బీరువా కింది అరలోంచి తీశాను. ఆకుపచ్చ అంచు మీద పిండి చల్లినట్టు తెల్లగా ఉంది. వేలితో తుడిస్తే పిండి పోయింది, కింద గోధుమరంగు చుక్కలు మిగిలాయి. అవి పోలేదు. ఆవిడకి కొత్త ముక్క కొనిచ్చాను, అది వేరే కథ. ఆ సాయంత్రం బీరువా జరిపి చూస్తే, గోడ మీద సరిగ్గా బీరువా కొలతకే నల్లటి నీడలా బూజు. చుట్టూ గోడ శుభ్రంగానే ఉంది. నాలుక్కాళ్ల గుర్తులు తప్ప అన్నీ అచ్చు దిగాయి. ముక్కిన బియ్యం వాసన.

చల్లటి మజ్జిగ గ్లాసు బయట పెడితే దానికి చెమట పడుతుంది కదా, ఇదీ అదే. వెచ్చటి గాలి ఎక్కువ ఆవిరిని పట్టి ఉంచుతుంది, చల్లబడితే వదిలేస్తుంది. 20 డిగ్రీల గాలి ఘనపు మీటరుకి సుమారు 17 గ్రాముల నీటిని మోయగలదు, 10 డిగ్రీలకి దిగితే 9 గ్రాములే. మిగతాది ఎక్కడ చల్లగా తగిలితే అక్కడ నీరైపోతుంది. అద్దం అన్నిటికంటే చల్లన, అందుకే ముందు అక్కడ కనిపిస్తుంది. తర్వాత గోడ మూలలు, ఆ తర్వాత గాలి ఆడని బీరువా వెనక. బూజుకి నీళ్లు కారక్కర్లేదు కూడా. గోడ దగ్గర గాలిలో తేమ రోజుల తరబడి 80 శాతం పైన ఉంటే చాలు, అది బతికేస్తుంది.

ఇంత నీళ్లు మా ఇంట్లో ఎక్కడివి అనుకున్నాను నేను కూడా. కిలో వంటగ్యాస్ కాలితే కిలోన్నరకి పైగా నీరు ఆవిరై గాల్లో కలుస్తుందట. 14.2 కిలోల సిలిండర్ అయిపోయేసరికి దాదాపు 22 లీటర్లు, అంటే రెండు బిందెలు. గంజి మరిగిన ఆవిరి, స్నానాల గది ఆవిరి దానికి అదనం. నిద్రలో ఒక్కో మనిషి ఊపిరి, చెమటల నుంచి రాత్రికి పావు లీటరు పైనే వస్తుంది. తడి బట్టలు గదిలో ఆరాయంటే వాటి నీళ్లు ఎక్కడికి పోయినట్టు? మా ఓనరు అన్న 'మీ వంట ఆవిరి' మాటలో ఉన్న సగం నిజం ఇది.

ఇప్పుడు మిగతా సగం. దీనికి రూపాయి ఖర్చు లేని పరీక్ష ఒకటుంది, వాదనకి వెళ్లే ముందు మీరు తప్పకుండా చేయండి. పల్చటి పారదర్శకం ప్లాస్టిక్ కవరు మూరెడు చదరంగా కోసుకోండి. గోడ మీద ఒకచోట పొడి గుడ్డతో తుడిచి, కవరు అంటించి, నాలుగు వైపులా సందు లేకుండా టేపు వేయండి. రెండు రోజులు వదిలేయండి. గది వైపున, అంటే కవరు పైన, నీటి చుక్కలుంటే అది ఇంట్లో గాలి తేమ. కవరు కింద, గోడ వైపున చుక్కలుంటే గోడ లోపలి నుంచి నీరొస్తోంది.

నేను రెండు చోట్ల వేశాను. పడగ్గది ఉత్తరపు గోడ మీద కవరు పైన చెమట, కింద గోడ పొడి. వంటింటి వెనక గోడకి జానెడు ఎత్తులో వేసినదానికి పైన పొడి, లోపల మంచినీళ్ల సీసా మూతలా చుక్కలు బారులు తీరి ఉన్నాయి. అంటే ఒకే ఇంట్లో రెండు జబ్బులు.

చూసి కూడా కొంత చెప్పొచ్చు. గాలి తేమతో వచ్చే బూజు నల్లటి చుక్కలుగా మూలల్లో, సామాను వెనక, కొన్నిసార్లు పైన శ్లాబు అంచున కూడా వస్తుంది. నేల నుంచి ఎక్కే చెమ్మ సాధారణంగా మూడు నాలుగు అడుగుల్లోపే ఆగుతుంది, పైన అలలాంటి గీత ఉంటుంది, పెయింటు బొబ్బలెక్కి తెల్లటి ఉప్పు పొంగుతుంది. వాన పడిన రెండో రోజుకి ఒకేచోట మచ్చ పెద్దదైతే అది కారడం. మీరు రాసిన పెచ్చులూడే గోడ నాకు నేల నుంచి ఎక్కే చెమ్మలాగే అనిపిస్తోంది, కానీ కవరు వేసి చూడండి.

మా వంటింటి గోడ బయటికెళ్లి చూస్తే సంగతి తెలిసింది. పూలమొక్కలకని మట్టి గోడకి ఆనించి పోశారు, పునాది గట్టు మీదికి ఎక్కేసింది. డాబా మీద నుంచి దిగే పైపు జాయింటు ఊడి, నీళ్లన్నీ ఆ మట్టిలోకే పోతున్నాయి. ఓనరు అంతకు ముందే లోపలి వైపు ఖరీదైన వాటర్‌ప్రూఫ్ పెయింటు వేయించారు. బయటి నుంచి నీరొస్తుంటే లోపల పెయింటు ఏం చేస్తుంది, ఒక్క వానాకాలానికే అప్పడంలా పొంగి ఊడింది.

ఆయన ఒడియా ఆయన, తెలుగు అర్థమవుతుంది. 'మౌసా, కాంథ ఓదా' (బాబాయ్, గోడ తడిగా ఉంది) అని ఎన్నిసార్లు చెప్పినా తల ఊపి వెళ్లిపోయేవారు. ఈసారి నేనేం మాట్లాడలేదు. ఇంట్లోకి పిలిచి టీ ఇచ్చి, ముందు పడగ్గది కవరు చూపించి 'ఇది మాది, మేం సరిచేసుకుంటాం' అన్నాను. తర్వాత వంటింటిది చూపించాను. ఆయన తనే వేలితో కవరు మీద రుద్ది చూశారు, చుక్కలు లోపల ఉన్నాయి కాబట్టి చెదరలేదు. ఆ వారంలోనే మేస్త్రీ వచ్చాడు. మట్టి తీయించి, పైపు జాయింటు వేసి, లోపల ఊడిన ప్లాస్టరు గీకించారు. మన తప్పు మనం ముందు ఒప్పుకుంటే అవతలివాళ్లకి తమది ఒప్పుకోవడానికి దారి దొరుకుతుంది, నాకైతే అలాగే పని జరిగింది. అయినా వినకపోతే తేదీలతో ఫోటోలు తీసి ఉంచుకోండి. 2021లో కేంద్రం ఇచ్చిన నమూనా అద్దె చట్టంలో గోడల సున్నం, పైపుల మార్పు, కట్టడం మరమ్మతులు యజమాని బాధ్యత కింద రాశారు. అద్దెదారు వల్ల జరిగిన నష్టం మాత్రం మినహాయింపు. అది నమూనాయే, రాష్ట్రం తెచ్చుకుంటేనే చట్టం. కానీ పదకొండు నెలల అగ్రిమెంటు తిరగరాసేటప్పుడు ఆ ముక్కలు అందులో రాయించుకోవడానికి ఎవరూ అడ్డు చెప్పరు.

ఒక మాట, నీరు ఆగినంత మాత్రాన గోడ వెంటనే ఆరదు. మా తొమ్మిదంగుళాల గోడకి మరుసటి వేసవి దాటింది. అప్పటిదాకా పుట్టీ, ప్లాస్టిక్ పెయింటు వేయొద్దని నేనే ఆపాను. తర్వాత మామూలు సున్నం కొట్టించాం. సున్నం గోడని ఊపిరి పీల్చనిస్తుంది, దాని క్షారానికి కొన్నాళ్లు బూజూ దగ్గరికి రాదు. చూడ్డానికి అంత నునుపుగా ఉండదు, ఉండకపోతే పోయింది.

పడగ్గది మా బాధ్యత కదా. అట్టలు పీకేశాం. వంట మొదలుపెట్టే ముందు ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి, అయ్యాక కూడా పావుగంట ఉంచుతాను, అప్పుడు వంటింటి నుంచి లోపలికి తలుపు మూసే ఉంటుంది. అన్నం గిన్నెకి మూత. బట్టలు డాబా మీదే. బీరువా గోడ నుంచి నాలుగు వేళ్లు ఎడంగా జరిపాం, కింద రెండు ఇటుకలు. పొద్దున లేవగానే అద్దాల మీద నీళ్లు పాత తువ్వాలుతో తుడిచి, బయటే పిండుతాను. నాలుగు వందలు పెట్టి తేమ కొలిచే చిన్న డిజిటల్ మీటరు ఒకటి తెప్పించాం. అట్టలు ఉన్న రోజుల్లో పొద్దున 18 డిగ్రీలు, 84 శాతం చూపించేది. ఇవన్నీ చేశాక 65 దగ్గర నిలబడింది. మీటరు లేకపోతే ఉప్పు జాడీ చూడండి. శుద్ధమైన ఉప్పు 75 శాతం తేమ దాటితే గాని చెమర్చదు, కల్లుప్పు ఇంకాస్త ముందే చెమరుస్తుంది.

'ఎప్పుడూ కిటికీలు తెరిచి పెట్టండి' అనే సలహా మాత్రం ఈ ఊళ్లో కళ్లు మూసుకుని పాటించొద్దు. చలికాలం పొద్దున ఏడింటికి బయటంతా పొగమంచు, అప్పుడు తెరిచి లాభం తక్కువ. పదకొండు నుంచి మూడున్నర దాకా గాలి పొడిగా ఉంటుంది, అప్పుడు ఎదురెదురు కిటికీలు బార్లా తీయాలి. జులై, ఆగస్టు ముసురు రోజుల్లో బయటి గాలే తడి గుడ్డలా ఉంటుంది, అది ఇంటిని ఆరబెట్టదు. అప్పుడు వంట ఆవిరి బయటికి పంపడం, ఫ్యాను తిప్పి గోడల దగ్గర గాలి కదిలించడం, వాన తెరిపిచ్చి ఎండ కాసిన గంటా రెండు గంటల్లో అన్నీ తెరిచేయడం, అంతే. కలరా ఉండలు పురుగులకి పనికొస్తాయి గాని బూజుకి కాదు. బీరువాలో పెట్టే తేమ పీల్చే డబ్బాలు మూసిన అర వరకు బాగానే పనిచేస్తాయి, గదికి చాలవు.

చలికని మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకునే అలవాటు ఇటువైపు ఉంది. పాప ఉన్న ఇంట్లో అసలొద్దు. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

ఉన్న బూజు తీసేటప్పుడు పొడి చీపురుతో దులపకండి, గదంతా రేణువులు లేస్తాయి. పాపని వేరే ఇంటికి పంపి, కిటికీలు తెరిచి, ముక్కుకి మాస్కు, చేతులకి రబ్బరు తొడుగులు వేసుకుని, సబ్బు నీళ్ల గుడ్డతో తుడవండి. మరక మొండిగా ఉంటే ఒక కప్పు లిక్విడ్ బ్లీచ్‌ని పదహారు కప్పుల నీళ్లలో కలిపి రాయొచ్చు. బ్లీచ్‌తో బాత్రూమ్ యాసిడ్ కలిసిందంటే క్లోరిన్ గ్యాస్ పుడుతుంది. నేను ఒకే బకెట్టులో రెండూ వాడబోయి, పక్కింటి పిన్నిగారు అరిస్తే ఆగాను. బ్లీచ్ రంగుని తెల్లబరిచినంత మాత్రాన పని అయినట్టు కాదు. తేమ అలాగే ఉంటే మూడు వారాల్లో మళ్లీ అదే చోట మొలుస్తుంది.

పాప దగ్గు సంగతి డాక్టరుకి చూపించండి, ఇంట్లో బూజు ఉందని చెప్పి మరీ చూపించండి. కొందరు పిల్లలకి అది ఆయాసం రేపుతుంది. ఈ రాత్రి నుంచే పడక మాత్రం ఎండ వచ్చే గదిలోకి మార్చేయండి.

ఇల్లు మారడం గురించి నా అభిప్రాయం: కవరు పరీక్షలో అంతా గాలి తేమే అని తేలితే మారకండి, కొత్త ఇంట్లోనూ ఇవే అలవాట్లు వెంటొస్తాయి. గోడలోంచి నీరొస్తూ, ఓనరు కదలకపోతే వేసవి రాగానే వెతకండి. కుదిరితే వాన పడిన మర్నాడు వెళ్లి చూడండి, అలమారా తలుపు తెరిచి వాసన చూడండి, ఇంటి వెనక్కి వెళ్లి పైపు నీళ్లు ఎక్కడ పడుతున్నాయో చూడండి. గోడకి కింద మూడడుగుల వరకే కొత్త పెయింటు కనిపించిందా, అడ్వాన్సు ఇవ్వకుండా వచ్చేయండి.