సమాధులున్నంత మాత్రాన జాగ మీదైపోదు, ముందు తారీఖు చూసుకోండి

ప్రశ్న: మాది పరకాల దగ్గర పల్లె. తాత, నాన్న సమాధులు మా చెల్కలో రెండు గుంటల్లో ఉన్నాయి. పంపకాల్లో ఆ జాగ నాన్నకు వచ్చింది గానీ పాసుబుక్కు పెదనాన్న కొడుకు పేరు మీదే ఉంది. ఆయన మొత్తం ఎకరం వెంచర్ వాళ్లకు అమ్మేశాడు. నిరుడు పెత్రామాస నాడు దీపం పెట్టడానికి పోతే చుట్టూ కడీలు పాతి ఉన్నాయి. అమ్మ రోజూ ఏడుస్తోంది. రాత్రికి రాత్రి కడీలు పీకేద్దామని తమ్ముళ్లు అంటున్నారు.

జవాబు: రెండు పేజీల్లో అన్న చేసిన మోసమే రాశారు. నాకు కావాల్సింది ఒక్కటే, కడీలు ఏ రోజు పాతారు? స్పెసిఫిక్ రిలీఫ్ యాక్ట్ సెక్షన్ 6 కింద, మీ స్వాధీనంలో ఉన్న జాగ నుంచి చట్టప్రకారం కాకుండా వెళ్లగొడితే, పట్టా ఎవరిదన్న సంగతి పక్కన పెట్టి జాగ తిరిగి ఇప్పించమని అడగొచ్చు. కానీ ఆరు నెలల్లోపే దావా వేయాలి. పెత్రామాస 2025 సెప్టెంబర్ 21న వచ్చింది కాబట్టి 2026 మార్చి 21 దాకా టైం ఉందనుకోకండి, లెక్క మీరు చూసిన రోజు నుంచి కాదు, వాళ్లు పాతిన రోజు నుంచి. పక్క చెల్క వాళ్లను ఇవాళే అడగండి.

ఆ గడువు దాటితే హక్కు మీద మామూలు దావా వేయొచ్చు, దానికి 12 ఏళ్లు ఉంది. కాకపోతే అప్పుడు ఆ రెండు గుంటలు మీవని మీరే రుజువు చేయాలి. పాసుబుక్కులో పేరున్నంత మాత్రాన అన్నకు హక్కు రాదు, నిజమే. మరి మీ దగ్గరేముంది? ఇన్నేళ్లూ పంపకం కాగితం ఎవరూ అడగలేదు, పేరు మార్పించుకోలేదు, ఇది మీ నిర్లక్ష్యమే. పంపకాలయ్యాక జ్ఞాపకానికి రాసుకున్న కాగితం ఇంట్లో ఉంటే రిజిస్ట్రేషన్ లేకపోయినా పనికొస్తుంది, వెతకండి. దొరకలేదని పాత తేదీ వేసి కొత్తది రాయించారో, ఫోర్జరీ కేసు మీ మెడకు చుట్టుకుంటుంది.

కడీల మీద చెయ్యి వేయొద్దు. పీకిన మర్నాడు స్టేషన్‌లో ముద్దాయిలు మీ తమ్ముళ్లే, కోర్టులో దౌర్జన్యం చేసింది మీరే అవుతారు. అవతలివాళ్లు కావాలని సమాధులను జేసీబీతో తవ్వితే మాత్రం భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్) సెక్షన్ 301 కింద ఫిర్యాదు ఇవ్వండి. కానీ పోయిన జాగ పోలీసులు తిరిగి ఇప్పించరు.

సాక్ష్యం సంగతి. డెత్ సర్టిఫికెట్‌లో చనిపోయిన చోటు ఉంటుంది, పాతిపెట్టిన చోటు ఉండదు. బండ మీద చెక్కిన పేరు, తేదీ కనబడేలా బయటి నుంచే ఫొటో తీయండి. సమాధి కట్టిన మేస్త్రీ, ఏటా సున్నం వేసిన మనిషి సాక్షులుగా వస్తారా కనుక్కోండి. పాత పహాణీల (ఏ జాగ ఎవరి సాగులో ఉందో రాసే ఊరి రికార్డుల) నకళ్లు, అమ్మకం దస్తావేజు నకలు తీసుకోండి.

దావాతో పాటే, ప్లాట్లు చేయకుండా ఇంజంక్షన్ (ఆపమనే కోర్టు ఉత్తర్వు) కోసం, సమాధులు ఎక్కడున్నాయో కొలిచి రిపోర్ట్ ఇవ్వడానికి కోర్టు పంపే లాయరు, అంటే అడ్వకేట్ కమిషనర్ కోసం పిటిషన్లు పడాలి. దావా పడ్డాక ప్లాటు కొన్నవాళ్లు కూడా తీర్పుకు కట్టుబడాల్సిందే. కేసు తేలేదాకా అమ్మ లోపలికి పోయి దీపం పెట్టుకునేలా దారి ఇవ్వాలని కూడా అదే రోజు అడిగించండి.