మౌంట్ టామ్ కొండ దారులు: మీ ప్రశ్నలు, మా జవాబులు

శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి గోల్డెన్ గేట్ బ్రిడ్జి దాటి కాస్త ముందుకెళ్తే, మరిన్ కౌంటీలో సముద్రాన్ని ఆనుకుని ఉండే కొండ మౌంట్ టామల్పయస్, అక్కడ అందరూ మౌంట్ టామ్ అనే అంటారు. వేసవి సెలవులు, ఊళ్ల నుంచి అమ్మానాన్నలు దిగారు, అందుకేనేమో ఈసారి చాలా ప్రశ్నలు దీని గురించే వచ్చాయి, అన్నీ ఒక్కచోటే పెట్టేశాం.

ప్రశ్న: అమ్మానాన్న రాజమండ్రి నుంచి వచ్చారండి. అమ్మకి మోకాళ్ల నొప్పులు, మెట్లు ఎక్కలేదు. నాన్నగారికి 68, రోజూ గోదావరి గట్టు మీద నడిచే మనిషి, ఇక్కడ ఇంట్లో కూర్చోలేక విసుక్కుంటున్నారు. ఇద్దరు చిన్నపిల్లలు. పెద్ద చెట్లూ చూపించాలి, సముద్రమూ చూపించాలి, ఒక్క రోజులో అవుతుందా? (ఫ్రీమాంట్ పాఠకురాలు)

జవాబు: అవుతుందమ్మా, హాయిగా అవుతుంది. కాకపోతే కింద నుంచి పైకి నడిపిద్దామనే ఆలోచన మాత్రం పెట్టుకోవద్దు. ఈ కొండకున్న పెద్ద సుగుణం ఏంటంటే కారు దాదాపు శిఖరం దాకా వెళ్తుంది, ఎవరి ఓపికకి తగ్గ చోట వాళ్లని దింపి నడిపించుకోవచ్చు.

పొద్దున్నే మ్యూర్ వుడ్స్‌కి వెళ్లిపోండి, పెద్ద పెద్ద రెడ్‌వుడ్ చెట్ల అడవి అదే. అక్కడ పార్కింగ్ ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవాలి, 2018 నుంచి ఇదే రూలు, ఆ కన్ఫర్మేషన్ కూడా ఇంట్లో ఉండగానే ఫోన్‌లో సేవ్ చేసి పెట్టుకోండి ఎందుకంటే అక్కడికెళ్లాక సిగ్నల్ ఉండదు. లోపల వాగు వెంబడే చదునైన బాట, చాలా దూరం చెక్కలు పరిచి ఉంటుంది, అమ్మగారికి ఇబ్బంది ఉండదు. రెండో బ్రిడ్జి దగ్గర వెనక్కి తిరిగితే అరగంట నడక, మూడోదానికి గంట, నాలుగోదానికి గంటన్నర. అమ్మగారికి రెండోది చాలు, నాన్నగారిని పిల్లలతో నాలుగోదాకా పంపించండి. లోపల పిక్నిక్ ఒప్పుకోరు కాబట్టి పులిహోర డబ్బా కార్లోనే ఉంచేయండి.

అక్కడి నుంచి కారులో ఈస్ట్ పీక్‌కి, అంటే కొండ శిఖరం దగ్గరికి. పూర్తిగా ఘాట్ రోడ్డు, ఒకటే మలుపులు, అమ్మగారిని ముందు సీట్లో కూర్చోబెట్టి మెల్లగా పోనివ్వండి. పైన బల్లలుంటాయి, పులిహోర అక్కడ విప్పండి. శిఖరం ఎత్తు 2,571 అడుగులు, దాని చుట్టూ తిరిగే వెర్నా డన్షీ ట్రెయిల్ ముప్పావు మైలు కూడా ఉండదు, ఎక్కువ భాగం చదునే, ఒకపక్క బే మొత్తం, శాన్‌ఫ్రాన్సిస్కో బిల్డింగులు, ఇంకోపక్క పసిఫిక్. నాన్నగారికి ఇంకా ఓపికుంటే పైనున్న ఫైర్ లుకౌట్ (అడవిలో మంటలు కనిపెట్టే గది) దాకా చిన్న దారి ఉంది, దూరం తక్కువేగానీ రాళ్లూ ఎక్కుడూ, మంచి బూట్లుండాలి.

పిల్లలకి ఒక ముచ్చట చెప్పండి. 1896 నుంచి 1930 దాకా ఈ కొండ మీదకి రైలు నడిచేది, 281 మలుపులట. పైకి ఇంజన్ లాగేది, కిందకి మాత్రం ఇంజన్ లేకుండా బ్రేకు మనిషి చేతిలో పెట్టి ఊరికే జారుతూ వచ్చేసే బండ్లు ఉండేవి! వాటికి నమూనాగా చేసిన బండి ఒకటి ఈస్ట్ పీక్ దగ్గర షెడ్డులో పెట్టారు, సాధారణంగా వీకెండ్ మధ్యాహ్నాలు తెరుస్తారు.

జులై అయినా స్వెటర్లు మర్చిపోవద్దు. వేసవిలో సముద్రం మీంచి పొగమంచు వచ్చి కింద లోయల్లో చలి పెట్టేస్తుంది, అదే టైముకి శిఖరం మంచు పైన ఉండి ఎండ కాస్తూ ఉండొచ్చు. కింద మబ్బుగా ఉందని వెనక్కి వచ్చేసేవాళ్లని చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది, ఒక్కసారి పైకి వెళ్లి చూడండి, మేఘాలన్నీ కాళ్ల కింద ఉంటాయి. సముద్రం తేటగా కనబడాల్సిందే అనుకుంటే మాత్రం సెప్టెంబరు, అక్టోబరు మంచి నెలలు.

ప్రశ్న: ఆఫీసు ఫ్రెండ్స్ ఐదుగురం, కాస్త గట్టి హైక్ కావాలి. డిప్సీ బెటరా, స్టీప్ రవీన్ బెటరా? (సన్నీవేల్ నుంచి)

జవాబు: మొదటిసారి అయితే స్టీప్ రవీన్–మ్యాట్ డేవిస్ లూప్‌కే మా ఓటు. డిప్సీకి చరిత్ర ఉంది, 1905 నుంచి దాని మీద రేసు జరుగుతోంది, మిల్ వ్యాలీలో మొదలవగానే 680కి పైగా మెట్లు ఊపిరి తీసేస్తాయి, కానీ అది ఏడున్నర మైళ్లు ఒకవైపు దారి, అవతల స్టిన్సన్ బీచ్‌లో తేలాక వెనక్కి ఎలా రావాలో ముందే చూసుకోవాలి. లూప్ అయితే సుమారు ఏడు మైళ్లు, మొదలుపెట్టిన చోటికే వస్తారు.

చాలామంది పైన పాన్‌టోల్ రేంజర్ స్టేషన్ దగ్గర కారు పెట్టి కిందకి దిగుతారు. దిగేటప్పుడు బానే ఉంటుంది, బీచ్‌లో కూర్చుని కడుపునిండా తినేసి ఇసకలో కాసేపు పడుకున్నాక అప్పుడు 1,500 అడుగులు ఎక్కమంటే ఎవరికి మనసొస్తుంది? అందుకని స్టిన్సన్ బీచ్ దగ్గరే మొదలుపెట్టండి, వీకెండ్ అయితే ఎనిమిదిలోపే చేరుకోండి, తర్వాత పార్కింగ్ దొరకదు. ముందు డిప్సీ మీద కొంచెం దూరం, అక్కడి నుంచి స్టీప్ రవీన్‌లోకి తిరగాలి. ఇరుకు లోయ, రెడ్‌వుడ్లు, నాచు పట్టిన బండలు, వాగు మీద చిన్న చిన్న చెక్క వంతెనలు, ఒకచోట దారి అయిపోయి పది అడుగుల చెక్క నిచ్చెన వస్తుంది, అదే దారి. వాన పడిన రోజుల్లో మెట్లు జారతాయి, తడి మెట్ల మీద దిగడం కన్నా ఎక్కడమే నయం, మేం ఈ వైపు నుంచి వెళ్లమనడానికి అదీ ఒక కారణం. పాన్‌టోల్‌లో నీళ్లు నింపుకుని మ్యాట్ డేవిస్ మీద దిగండి. మొదట గడ్డి కొండలు, ఎదురుగా సముద్రం, తర్వాత అడవి. మధ్యలో బే లారెల్ చెట్లు తగులుతాయి, రాలిన ఆకు ఒకటి నలిపి చూడండి, ఇక్కడి కొట్లలో దొరికే బే లీఫ్ వాసనే ఇంకా ఘాటుగా కొడుతుంది. ఇంటికి తెచ్చుకోవద్దు, పార్కులో ఆకు తెంపడం నిషేధం.

ప్రశ్న: హైక్ నుంచి వచ్చిన రెండో రోజు మా బాబుకి చేతుల మీద ఎర్రగా గీతలు గీతలుగా పొక్కులొచ్చాయి. డాక్టరు పాయిజన్ ఓక్ అన్నారు, మా అత్తగారు మాత్రం అమ్మవారు పోసిందని వేరే గదిలో ఉంచమంటున్నారు. ఇది అంటుకుంటుందా? (శాన్ రామోన్ నుంచి)

జవాబు: అంటుకోదమ్మా, బాబుని దగ్గరకి తీసుకోండి. పొక్కుల్లో నీరు వల్ల ఇంకొకరికి రాదు. రావాల్సినదంతా ఆ మొక్క నూనె నుంచే వస్తుంది, అది బట్టలకీ బూట్లకీ బ్యాగు పట్టీలకీ అంటుకుని రోజుల తరబడి ఉంటుంది, కాబట్టి ఆ రోజు వేసుకున్నవన్నీ సబ్బుతో ఉతికేయండి.

అత్తగారికి ఇలా చెప్పి చూడండి, ఇట్టే అర్థమవుతుంది. పాయిజన్ ఓక్, మామిడి, జీడిమామిడి అన్నీ ఒకే కుటుంబం మొక్కలు. మామిడికాయ సొన మూతికి తగిలితే పుండు పడుతుంది కదా, పలాస వైపు జీడిపిక్కలు కొట్టేవాళ్ల చేతులు పొక్కిపోతాయి కదా, అదే జాతి రసం ఇదీ. దాన్ని కాల్చిన పొగ కూడా ప్రమాదమే, క్యాంపింగ్‌లో తెలియని పుల్లలు మంటలో వెయ్యకండి.

ఈసారి వెళ్లినప్పుడు గుర్తుపట్టడం పిల్లాడికే నేర్పండి. మారేడు దళంలాగా మూడేసి ఆకులు, మధ్య ఆకుకి కాడ కొంచెం పొడుగు, వసంతంలో నిగనిగలాడుతూ ఉంటుంది, వేసవి చివరికి ఎర్రగా అందంగా అయిపోతుంది, పిల్లలు చెయ్యి పెట్టేది అప్పుడే. చలికాలం ఆకులు రాలి ఉత్తి పుల్లలు మిగులుతాయి, వాటిలోనూ నూనె ఉంటుంది. ఫుల్ ప్యాంటు, బాట మధ్యలో నడక, తిరిగొచ్చిన వెంటనే చేతులూ కాళ్లూ సబ్బుతో బాగా కడుక్కోవడం. అలాగే గోమార్లు (ఇక్కడ టిక్స్ అంటారు) పట్టాయేమో మడమల దగ్గర, మెడ వెనక చూడండి. పొక్కులు ముఖానికో కళ్ల దగ్గరికో వస్తే మాత్రం ఆగకుండా మళ్లీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

ప్రశ్న: అబ్బాయి దగ్గరికి వచ్చిన రిటైర్డ్ టీచర్ని. మే నుంచి ఇక్కడ చుక్క వాన చూడలేదు. మరి అంత ఎత్తు చెట్లకి నీళ్లెక్కడివి? (విజయవాడ)

జవాబు: మాస్టారూ, సమాధానం ఆ పొగమంచులోనే ఉంది. మంచు ఆకులకి పట్టి బొట్లు బొట్లుగా రాలి వేళ్లకి చేరుతుంది, ఆకులు నేరుగా కూడా కొంత తేమ పీల్చుకుంటాయి. అందుకే కోస్ట్ రెడ్‌వుడ్ ఈ తీరం వెంబడే పెరుగుతుంది. ప్రపంచంలో దీన్ని మించిన ఎత్తు చెట్టు లేదు, మ్యూర్ వుడ్స్‌లో 250 అడుగులు దాటినవి ఉన్నాయి, ఇంకా ఉత్తరాన 370 అడుగులు దాటినవీ ఉన్నాయి. బెరడు చేతి మందాన ఉండి చిన్నాచితకా మంటల్ని తట్టుకుంటుంది. తల్లిచెట్టు పడిపోయినా మొదలు చుట్టూ పిలకలు లేచి వలయంలా నిలబడతాయి, వెళ్తే అలాంటి వలయం మధ్యలో నిలబడి పైకి చూడండి.

అవి ఈరోజుకి మిగలడం వెనక ఒక మంచి మనిషి ఉన్నారు. విలియం కెంట్ దంపతులు 1905లో ఆ అడవి కొన్నారు, తర్వాత ఒక నీళ్ల కంపెనీ డ్యామ్ కోసం ఆ లోయ తీసేసుకోబోతే, 295 ఎకరాలు దేశానికే దానం ఇచ్చేశారు. 1908 జనవరిలో అప్పటి అమెరికా అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ దాన్ని జాతీయ స్మారకంగా ప్రకటించి కెంట్ పేరు పెడతానంటే, కెంట్ వద్దని, అడవుల రక్షణ కోసం పోరాడిన జాన్ మ్యూర్ పేరు ఉంచమన్నారు.

ప్రశ్న: మా కుక్కపిల్లని తీసుకెళ్లొచ్చా? (కాలిఫోర్నియా డబ్లిన్ నుంచి)

జవాబు: మ్యూర్ వుడ్స్‌లోకీ, స్టేట్ పార్క్ ట్రెయిల్స్ మీదకీ రానివ్వరు. కొండకి ఉత్తరం వైపు మరిన్ వాటర్ (అక్కడి నీటి సరఫరా సంస్థ) వాళ్ల స్థలంలోని దారుల మీద మాత్రం పట్టీ వేసి తీసుకెళ్లొచ్చు. హద్దు ఎక్కడ మారుతుందో మ్యాపు చూసుకునే బయల్దేరండి, కారులో వదిలేసి మాత్రం వెళ్లకండి.