నైజెరిసిన్, పీహెచ్ మైక్రోఎలక్ట్రోడ్: మేనకోడలికి ఉత్తరం

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

అయాన్లను పొర దాటించే నైజెరిసిన్‌ను వేసినా, నువ్వు చేసిన పలుచటి కొవ్వు పొర గుండా కరెంటు కనిపించడం లేదని రాశావు. కనిపించదమ్మా. అది ఒక పొటాషియం అయాన్‌ని అటు దింపి, ఒక ప్రోటాన్‌ని ఇటు తెస్తుంది. లెక్కకు లెక్క సరిపోయి, నికరంగా ఛార్జి ఏమీ దాటదు. వాలినోమైసిన్ అనే మరో అయాన్ వాహకం అయితే పొటాషియాన్ని ఒక్కదాన్నే మోస్తుంది కాబట్టి దాని కరెంటు అందుతుంది. నైజెరిసిన్ పని తెలియాలంటే పొరను ఆనుకుని ఉన్న నీళ్లలో పీహెచ్ చూడాలి. ఎంత కలియబెట్టినా పొర పక్కన 100 నుంచి 300 మైక్రాన్ల మందాన నీరు కదలకుండా ఉండిపోతుంది. ప్రోటాన్ల జాడ అక్కడ దొరుకుతుంది.

ముందు ఆ పీహెచ్‌ను కొలిచే సన్నటి గాజు ఎలక్ట్రోడ్ సంగతి. 1.5 మిల్లీమీటర్ల బోరోసిలికేట్ గొట్టాన్ని పుల్లర్‌లో (వేడిచేసి సాగదీసే యంత్రం) లాగి, మొనను 1-2 మైక్రాన్లకు తెచ్చుకో. 200 డిగ్రీల ఓవెన్‌లో గంటసేపు ఎండబెట్టి, అదే వేడిలో గాజు మూత కింద సైలేన్ (గాజుకు నీరు అంటకుండా చేసే రసాయనం) ఆవిరి పట్టించు. ఫ్యూమ్ హుడ్ లోపలే చెయ్యి, ఆ ఆవిరి మండుతుంది, ఊపిరికీ మంచిది కాదు. ఈ మెట్టులో తొందరపడకు. గాజుకు నీరంటే ఇష్టం. సైలేన్ సరిగా పట్టకపోతే మొనలో నింపే, ప్రోటాన్లకు స్పందించే నూనెలాంటి కాక్‌టెయిల్‌కీ గాజు గోడకీ మధ్య సన్నటి నీటి దారి ఏర్పడి, సిగ్నల్ అక్కడి నుంచి కారిపోతుంది. పీహెచ్ ఒక యూనిట్ మారితే 22 డిగ్రీల దగ్గర 58 మిల్లీవోల్టులు రావాలి. 50 కన్నా తక్కువ వస్తే దాన్ని బాగుచేసే ప్రయత్నం మాను, పారేసి కొత్తది చేసుకో. విశాఖ లాంటి ఊళ్లో వానాకాలపు తేమ సైలేన్ సీసానే పాడుచేస్తుంది. సీసానీ ఎలక్ట్రోడ్లనీ సిలికా జెల్ ఉన్న డెసికేటర్‌లో ఉంచు.

వెనక నుంచి బఫర్ (పీహెచ్‌ను నిలకడగా ఉంచే ద్రావణం) నింపి, సిరంజితో మొన దాకా నెట్టి, మొనను ప్రోటాన్ కాక్‌టెయిల్‌లో ముంచి మెల్లగా పీల్చు. 100-200 మైక్రాన్ల నూనె స్తంభం చాలు. మైక్రోస్కోప్ కింద నూనెకూ బఫర్‌కూ మధ్య బుడగ కనిపిస్తే సన్నటి గాజు పోగుతో తప్పించు. ఈ మొన నిరోధం గిగాఓముల్లో ఉంటుంది కాబట్టి వోల్టేజి కొలిచే ఎలక్ట్రోమీటరు ఇన్‌పుట్ నిరోధం అంతకు కనీసం వెయ్యి రెట్లు ఉండాలి. బయటి విద్యుత్ అలజడిని ఆపే ఫారడే కేజ్ తలుపు తెరిచి ఉంటే నీ సింథటిక్ చున్నీ కదిలినా రీడింగు ఊగుతుంది.

పొరకు డైఫైటనాయిల్ ఫాస్ఫటిడైల్‌కోలిన్ అనే కొవ్వును డెకేన్ ద్రావకంలో మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాముల చొప్పున కలిపి, టెఫ్లాన్ గోడలో 0.8 మిల్లీమీటర్ల రంధ్రానికి పుయ్యి. మొదట తడి రోడ్డు మీద నూనె పడ్డట్టు రంగులు తిరుగుతాయి, తర్వాత పొర పలచబడి నల్లబడుతుంది. నల్లబడ్డాకే పని మొదలుపెట్టు, కెపాసిటెన్స్ (పొర ఛార్జిని పట్టి ఉంచే సామర్థ్యం) కూడా చూసుకో.

ఒకవైపు 100 మిల్లీమోలార్ పొటాషియం క్లోరైడ్, రెండోవైపు 10 మాత్రమే పోసి, తగ్గిన 90కి కోలిన్ క్లోరైడ్ వెయ్యి. ఇది మరిచిపోతే ఆస్మాసిస్‌తో నీరు పొర దాటుతూ కదలని నీటిలోని గాఢతలను ఈడ్చేస్తుంది, అయాన్లు కదిలాయని నువ్వు పొరబడతావు. రెండువైపులా మాప్స్ బఫర్ 1 మిల్లీమోలార్, పీహెచ్ 7.2. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఇంత పలుచటి బఫర్‌ను చెడగొడుతుంది, ఆర్గాన్ పోనిచ్చి తరిమెయ్యి.

బఫర్ ఎక్కువ వేస్తే పీహెచ్ స్థిరంగా ఉంటుందని నీకు అనిపించవచ్చు. ఇక్కడ ఆ స్థిరత్వమే శత్రువు. పీహెచ్ 7.2 దగ్గర విడి ప్రోటాన్లు దాదాపు లేనట్టే, వాటిని మోసేదంతా బఫరే. 1 మిల్లీమోలార్ మాప్స్‌కు పీహెచ్ యూనిట్‌కు దాదాపు 0.58 మిల్లీమోలార్ సామర్థ్యం ఉంటుంది. పొటాషియం తక్కువున్న వైపు, 200 మైక్రాన్లలో పీహెచ్ 0.1 పెరిగిందనుకో. బఫర్ విసరణ గుణకం సెకనుకు 6×10⁻⁶ చదరపు సెంటీమీటర్లుగా తీసుకుంటే, ప్రవాహం చదరపు సెంటీమీటరుకు సెకనుకు దాదాపు 17 పికోమోళ్లు. నీకు కనిపించేది 6 మిల్లీవోల్టులు. బఫర్ 20 మిల్లీమోలార్ వేస్తే అదే ప్రవాహానికి 0.3 మిల్లీవోల్టు వస్తుంది, అది డ్రిఫ్ట్‌లో (రీడింగు తనంతట మెల్లగా జరిగిపోవడంలో) కలిసిపోతుంది.

కొలిచేటప్పుడు పీహెచ్ ఎలక్ట్రోడ్‌నీ, పోలికకు వాడే రిఫరెన్స్ ఎలక్ట్రోడ్‌నీ పొటాషియం తక్కువున్న వైపే ఉంచు. పీహెచ్ ఎలక్ట్రోడ్‌ను పొరకు నిలువుగా, సెకనుకు 2 మైక్రాన్ల చొప్పున జరుపు. మొన పొరను తాకగానే వోల్టేజి ఒక్కసారిగా ఎగురుతుంది. అదే నీ సున్నా. తర్వాత అదే వేగంతో వెనక్కి రా. వెళ్లేటప్పటి రీడింగుల గీతా వచ్చేటప్పటి గీతా ఒకదాని మీద ఒకటి పడకపోతే, ఎలక్ట్రోడ్ మందకొడిగానైనా ఉంది, డ్రిఫ్ట్ అయినా అవుతోంది. స్టిరర్ వేగం మాత్రం మధ్యలో ముట్టుకోకు, మారితే కదలని నీటి మందమూ మారిపోతుంది.

నైజెరిసిన్ వేయకముందు ఒక గీత తప్పకుండా తీసుకో. అది చదునుగా లేకపోతే తర్వాత వచ్చిన దేన్నీ నమ్మకు. ప్రయోగం అయ్యాక పీహెచ్ 6, 7, 8 బఫర్లలో మళ్లీ కాలిబ్రేట్ చెయ్యి. ఆ అంకెలూ, నైజెరిసిన్ లేని గీతా నాకు పంపు.

ప్రేమతో,
మామయ్య