టెక్ సందేహాలు: నెట్ ఆపేస్తే వీపీఎన్ పనికొస్తుందా?

ప్రశ్న: 2022 మేలో అమలాపురం అల్లర్ల తర్వాత మా కోనసీమలో మొబైల్ నెట్ ఆపేశారు. ఇంటి నుంచి పనిచేసే మాలాంటివాళ్లం చాలా టెన్షన్ పడ్డాం. మళ్లీ అలా జరిగితే వీపీఎన్ ఉంటే సరిపోతుందా? అసలు నెట్ ఆపే అధికారం ఎవరిదండీ?
– ఒక పాఠకుడు, కోనసీమ జిల్లా

జవాబు: వీపీఎన్ పనికిరాదండీ. అది మన నెట్ వాడకాన్ని వేరే సర్వర్ మీదుగా తిప్పి పంపే యాప్ మాత్రమే. ఏదైనా ఒక సైట్‌నో యాప్‌నో అడ్డుకున్నప్పుడే అది పక్కదారి చూపగలదు. డేటానే ఆపేస్తే దానికీ దారి ఉండదు. కాల్స్ మాత్రం సాధారణంగా ఉంచుతారు కాబట్టి నెట్ అక్కర్లేని బ్యాంకు సేవ *99# డయల్ చేసి ఖాతాలో బ్యాలెన్స్ చూసుకోవచ్చు, ఒకసారికి 5,000 రూపాయల దాకా పంపొచ్చు. బ్యాంకులో నమోదైన సిమ్ నుంచే చేయాలి. ఇప్పుడే ఒకసారి వాడి చూసుకోండి.

వీలైతే ఇంటికి కేబుల్ బ్రాడ్‌బ్యాండ్ పెట్టించుకోండి. చాలా ఉత్తర్వులు మొబైల్ డేటా వరకే ఉంటాయి. అయితే కశ్మీర్‌లో 2019 ఆగస్టులో బ్రాడ్‌బ్యాండ్ కూడా ఆగింది. 4జీ తిరిగొచ్చేసరికి 2021 ఫిబ్రవరి అయింది. ఫోన్ తప్ప వేరే నెట్ లేని డెలివరీ కుర్రాడు, యూపీఐ మీదే బేరం నడిచే తోపుడుబండి ఆవిడ ఏం చేయాలి? ఈ దెబ్బ ముందుగా పడేది వాళ్ల మీదే.

ఇక అధికారం విషయం. రాష్ట్రంలో హోంశాఖ కార్యదర్శి ఉత్తర్వు ఇవ్వాలి. అలాంటి ఉత్తర్వులను బయటపెట్టాల్సిందేనని సుప్రీంకోర్టు 2020 జనవరిలో, కశ్మీర్‌లో నెట్ ఆపడంపై పత్రికా సంపాదకురాలు అనూరాధా భసీన్ వేసిన కేసులో చెప్పింది. కేంద్రం తెచ్చిన 2024 నవంబరు నిబంధనల ప్రకారం కారణాలు రాయాలి, ఒక ఉత్తర్వు 15 రోజులు మించకూడదు, ప్రధాన కార్యదర్శి నేతృత్వంలోని కమిటీ దాన్ని సమీక్షించాలి. ఆ కమిటీలో ఉండేదీ ప్రభుత్వ కార్యదర్శులే. నెట్ ఆపిన ప్రభుత్వమే అది సబబో కాదో తేల్చడం నాకు న్యాయంగా అనిపించదు. రిటైర్డ్ జడ్జీలను కూడా చేర్చమని 2021లో పార్లమెంటు స్థాయీ సంఘం సూచించినా అది అమలు కాలేదు. దేశంలో ఎన్నిసార్లు నెట్ ఆపారన్న లెక్క కేంద్ర హోంశాఖ దగ్గర గానీ, టెలికాం శాఖ దగ్గర గానీ లేదన్న సంగతి బయటపెట్టింది కూడా ఆ సంఘమే.

మళ్లీ మీ దగ్గర ఆపితే ముందు ఆ ఉత్తర్వు ఎక్కడ ప్రచురించారో వెతకండి. దొరక్కపోతే సమాచార హక్కు కింద హోంశాఖకు దరఖాస్తు పెట్టి, ఉత్తర్వు కాపీతో పాటు సమీక్ష కమిటీ ఏం తేల్చిందో కూడా అడగండి.